అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారు, బాత్రూంలో కాగితం తప్ప ఏమీ లేదు: స్ప్రే పెట్టాలా, బిడే పెట్టాలా?

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి సరిచూసుకుంటాను. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దె అపార్ట్‌మెంట్, మీ కింద ఇంకొకరి ఇల్లు ఉంది. నవంబర్‌లో గుంటూరు నుంచి మీ అమ్మగారు, నాన్నగారు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. నాన్నగారికి షుగర్, కిందటేడు పైల్స్ ఆపరేషన్ అయింది. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, పైగా కుడి భుజం పట్టేసి చెయ్యి వెనక్కి పోవడం లేదు. ఇండియాలో ఉన్నట్టు హ్యాండ్ స్ప్రే పెట్టాలా, సీటు కింద బిగించే బిడే (కూర్చున్నచోటే నీళ్లు చిమ్మి కడిగే పరికరం) పెట్టాలా, అదే పని కరెంటుతో చేసే సీటు కొనాలా, ఓనరు ఒప్పుకుంటాడా అన్నది మీ ప్రశ్న. మీ వారేమో "ఆర్నెల్లే కదా, కాగితంతో సర్దుకుంటారులే" అంటున్నారు.

నేను న్యూజెర్సీ వచ్చి 18 ఏళ్లయింది. నా ఉద్యోగం బిల్డింగ్ మెయింటెనెన్స్. శని ఆదివారాల్లో తెలిసినవాళ్ల ఇళ్లలో ఇవే బిగిస్తుంటాను, యాభై ఇళ్లు దాటి ఉంటాయి. అందులో సగానికి పైగా పెద్దవాళ్లు వస్తున్నారని చేయించుకున్నవే. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు. మీ ఇంటికి హ్యాండ్ స్ప్రే వద్దండి. టాయిలెట్ దగ్గర ప్లగ్ ఉంటే రిమోట్ ఉన్న కరెంటు సీటు పెట్టండి. ప్లగ్ లేకపోతే సీటు కింద బిగించే మామూలు బిడే పెట్టి, దానికి సింకు కింద నుంచి వేడినీళ్ల కనెక్షన్ ఇవ్వండి. స్ప్రే మన చేతికి అలవాటైన వస్తువే. కానీ ఇక్కడి బాత్రూం దానికి తగ్గట్టు కట్టింది కాదు.

మన ఊళ్లో బాత్రూం అంటే తడిసే గది. కింద టైల్స్, ఒక మూలకి వాలు, ఆ మూలన జాలీ. బకెట్ తిరగబడినా రెండు నిమిషాల్లో నీళ్లు పోతాయి. ఇక్కడ టబ్బు దాటితే మిగతా గదంతా ఎప్పుడూ పొడిగా ఉంటుందన్న లెక్కతో కడతారు. నేల మీద నీళ్లు పోవడానికి దారి ఉండదు. చాలా అపార్ట్‌మెంట్లలో పైన వినైల్ షీటు, దాని కింద ప్లైవుడ్, దాని కింద చెక్క దూలాలు, వాటి కింద వేరేవాళ్ల సీలింగు. రోజూ టాయిలెట్ చుట్టూ అరగ్లాసు నీళ్లు పడినా చాలు, వినైల్ అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. కొన్ని నెలలకు ప్లైవుడ్ ఉబ్బుతుంది. కూర్చున్నప్పుడు టాయిలెట్ కాస్త ఊగుతోందంటే చాలాసార్లు కింద చెక్క మెత్తబడిందనే.

ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. 2009లో మా మొదటి అపార్ట్‌మెంట్‌కి ఇండియా నుంచి సూట్‌కేసులో హెల్త్ ఫాసెట్, అదే హ్యాండ్ స్ప్రే, తెచ్చుకున్నాను. ఇక్కడి ఫిట్టింగు సైజులు వేరు. ఒక అడాప్టర్ దొరికితే దానికి టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బిగించాను. మూడు వారాలు చుక్క కారలేదు. ఒక బుధవారం ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది, కింది ఇంటి సీలింగు నుంచి నీళ్లు కారుతున్నాయని. పరుగున వచ్చి చూస్తే స్ప్రే దగ్గర పైపు ఊడిపోయి నేల మీద కొట్టుకుంటోంది. కింది ఇంట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. నేను వెళ్లేసరికి ఉన్న గిన్నెలన్నీ నేల మీద పరిచి, మంచం మీద కూర్చుని పైకి చూస్తోంది. సీలింగు బాగుచేయించడానికి 1,400 డాలర్లు కట్టాను. ఆ డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను గానీ ఆవిడ అలా పైకి చూస్తూ కూర్చోవడం మర్చిపోలేదు.

తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే కారణం అర్థమైంది. మన ఇంటి మీద ట్యాంకు 6 మీటర్ల ఎత్తులో ఉంటే కుళాయి దగ్గర వచ్చే ప్రెషర్ 8, 9 పీఎస్‌ఐ (ఇక్కడ నీళ్ల ఒత్తిడిని కొలిచే లెక్క). ఇక్కడ మునిసిపల్ లైనులో మామూలుగా 40 నుంచి 80 దాకా ఉంటుంది. స్ప్రే మీట వదిలేస్తే నీళ్లు ఆగినట్టు కనిపిస్తాయి కానీ, వెనక వాల్వ్ తెరిచి ఉన్నంతసేపు ఆ ప్రెషరంతా ఆ సన్నటి పైపు మీదే ఉంటుంది, రాత్రింబవళ్లు. అందుకే ఇక్కడ అమ్మే స్ప్రేలకు టీ (టాయిలెట్ పైపు నుంచి నీళ్లని రెండుగా చీల్చే మూడు దారుల జాయింటు) దగ్గర విడిగా ఒక వాల్వ్ ఇస్తారు, వాడిన ప్రతిసారీ అది కట్టెయ్యమని రాస్తారు. మన ఇళ్లలో యాంగిల్ కాక్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, దాన్ని ముట్టుకునే అలవాటు ఎవరికీ ఉండదు. ఇద్దరు పెద్దవాళ్లు, రోజుకు అయిదారుసార్లు, ఆరు నెలలు. ఒక్కసారి మర్చిపోతే చాలు. పైగా ఆ వాల్వ్ గోడవైపు కింద ఉంటుంది, మోకాళ్లు నొప్పులున్న మనిషి ప్రతిసారీ వంగి కట్టాలి. అమ్మగారికి చెయ్యి వెనక్కి పోదంటున్నారు కాబట్టి స్ప్రే ఉన్నా ఆవిడ కష్టం ఆవిడకి ఉండనే ఉంటుంది.

ఇక మీ వారి మాట. ఆయన్ని తప్పుపట్టడం లేదు, 2012లో మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అదే అనుకున్నాను. నీళ్ల గొడవ జరిగాక స్ప్రే తీసేశాం, మేం కాగితానికి అలవాటు పడిపోయాం. అమ్మ వచ్చిన రెండో వారానికి గమనించాను, రాత్రిపూట అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకుంటోంది. అడిగితే "ఆకలి లేదురా" అంది. తర్వాత ఒకరోజు టబ్బు కర్టెన్ వెనకాల ఖాళీ పెరుగు డబ్బా కనిపించింది, రెండు పౌండ్లది, కడిగి బోర్లించి ఉంది. టబ్బు కుళాయి కింద ఆ డబ్బాలో నీళ్లు పట్టుకుని, టాయిలెట్ దాకా జాగ్రత్తగా తెచ్చుకుని, పనయ్యాక కింద పడిన చుక్కల్ని తన తువ్వాలుతో మోకాళ్ల మీద కూర్చుని తుడిచేది. మాకు తెలియకూడదని. ఆ శ్రమ రోజుకు రెండుసార్లు పడలేక తిండి తగ్గించుకుంది. మన పెద్దవాళ్లు ఈ విషయం నోరు తెరిచి చెప్పరండి. అరవై డెబ్బై ఏళ్లు నీళ్లతో కడుక్కున్న మనిషికి కాగితంతో తుడుచుకుంటే ఒళ్లు శుభ్రమైనట్టు ఉండదు, స్నానం చేసేదాకా దేవుడి దీపం కూడా ముట్టుకోరు. సర్దుకుంటారు, నిజమే. ఎలా సర్దుకుంటున్నారో మాత్రం మనకు తెలియనివ్వరు.

కరెంటు సీటు సంగతికి వద్దాం. మీ పాత సీటు తీసేసి దాని స్థానంలో ఇది బిగుస్తుంది. మీట నొక్కితే వెనక నుంచి సన్నటి గొట్టం బయటికి వచ్చి గోరువెచ్చటి నీళ్లు చిమ్ముతుంది, పనయ్యాక లోపలికి పోతుంది. బయటికి వచ్చేముందు, లోపలికి వెళ్లాక తనని తాను కడుక్కుంటుంది. నీళ్లన్నీ కమోడ్‌లోనే పడతాయి, నేల తడవదు. మీ అమ్మగారికి చెయ్యి వెనక్కి పెట్టాల్సిన పనే ఉండదు. రిమోట్‌ని గోడకి ఎడమవైపు అంటించండి, ఆవిడ మంచి చెయ్యి అదే కదా. రిమోట్ మీద ఇంగ్లిషు, బొమ్మలు చూసి పెద్దవాళ్లు టెన్షన్ పడతారు. నేను చిన్న స్టిక్కర్ల మీద "కడుగు", "ఆపు", "మెల్లగా" అని తెలుగులో రాసి మూడు మీటల మీద అంటిస్తాను, మిగతా మీటల మీద టేపు వేసేస్తాను. ఆ మూడు చాలు.

కొనేముందు కొలతలు తీసుకోండి. సీటు వెనక రెండు బోల్టుల మధ్య నుంచి కమోడ్ ముందు అంచు దాకా టేపు పెట్టి చూడండి. 18.5 అంగుళాల దగ్గర ఉంటే పొడుగు రకం, 16.5 దగ్గర ఉంటే గుండ్రటి రకం. ఒకదానికి కొన్నది ఇంకొకదానికి సరిపోదు. ట్యాంకు, కమోడ్ కలిసిపోయి వెనక భాగం వంపు తిరిగి ఉండే టాయిలెట్లకి చాలా సీట్లు కూర్చోవు. ప్లగ్ టాయిలెట్‌కి మూడు నాలుగు అడుగుల లోపు ఉండాలి, అది జీఎఫ్‌సీఐ రకం అయి ఉండాలి. మధ్యలో టెస్ట్, రీసెట్ అని రెండు బుల్లి మీటలుంటాయి చూడండి, అదే. నీళ్ల దగ్గర కరెంటు లీకైతే కన్నుమూసి తెరిచేలోగా సప్లై ఆపేస్తుంది. దూరంగా ఉన్న ప్లగ్ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగడం మాత్రం వద్దు. నేలకి ఆనుకుని తడి గదిలో వైరు, దాని మీదుగా నడిచే పెద్దవాళ్లు, ఆ ఆలోచనే మానుకోండి. కొత్త ప్లగ్ కావాలంటే ఓనరు అనుమతితో లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే వేయించాలి. నీళ్లని అప్పటికప్పుడు వేడిచేసే సీట్లు 1,200 వాట్లు, ఆ పైన లాగుతాయి. అదే లైను మీద హెయిర్ డ్రయర్ పెడితే బ్రేకర్ పడిపోవచ్చు.

నాన్నగారికి షుగర్ అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. ఈ సీట్లలో కూర్చునే భాగం కూడా వెచ్చబడుతుంది. చలికాలంలో హాయిగా ఉంటుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు దాని మీద ఎక్కువసేపు కూర్చుంటే, చుర్రుమనకుండానే చర్మం కాలే ప్రమాదం ఉంది. సీటుతో వచ్చే పుస్తకంలోనే ఈ హెచ్చరిక ఉంటుంది, ఎవరూ చదవరు. సీటు వేడి అన్నిటికంటే తక్కువలో పెట్టండి, లేదా ఆపేయండి. నీళ్ల వేడి కూడా తక్కువలోనే.

మన వాళ్లు చాలామంది ఇది జపాన్ వాళ్ల సరుకు అనుకుంటారు. జపాన్‌లో టోటో కంపెనీ వాష్‌లెట్ తెచ్చింది 1980లో. అంతకుముందు 1964లోనే బ్రూక్లిన్‌లో ఆర్నాల్డ్ కోహెన్ అనే ఆయన అమెరికన్ బిడే కంపెనీ పెట్టాడు. జబ్బుతో కూర్చోలేక అవస్థ పడుతున్న తండ్రి కోసం సీటులోనే నీళ్లు, వేడిగాలి వచ్చే ఏర్పాటు చేసి, దాన్నే అమ్మకానికి పెట్టాడు. టోటో మొదట్లో ఆయన సీట్లనే దిగుమతి చేసుకుంది. అమెరికాలో దాన్ని పట్టించుకోలేదు, జపాన్ నేర్చుకుంది. ఇటలీలో అయితే 1975 నుంచి ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూంలో బిడే ఉండాలని రూలే ఉంది. ఫిన్‌లాండ్‌లో సింకు పక్కన చేతి స్ప్రే మామూలు విషయం. కాబట్టి ఓనరుతో మాట్లాడేటప్పుడు మన వాళ్ల వింత అలవాటేదో అడుగుతున్నట్టు మొహమాటపడకండి. 2020 మార్చిలో కాగితం దొరక్క షెల్ఫులు ఖాళీ అయినప్పుడు ఈ దేశంలో చాలామంది అమెరికన్లే బిడేలు కొనుక్కున్నారు.

ప్లగ్ లేకపోతే సీటు కింద పెట్టే మామూలు బిడే. అరచెయ్యి వెడల్పు పలక, పక్కన తిప్పే నాబ్, కరెంటు అక్కర్లేదు. సుమారు 40 నుంచి 100 డాలర్లలో వస్తుంది. కరెంటు సీట్లయితే 250 నుంచి 700 దాకా. ఇక్కడ అసలు చిక్కు చలి. జనవరిలో ఇక్కడ చన్నీళ్ల పైపులో వచ్చే నీళ్లు అయిదారు డిగ్రీల సెల్సియస్ దగ్గరికి పడిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లు అనుకోండి. ఆపరేషన్ అయిన చోట ఆ నీళ్లు తగిలితే ఆయన రెండోసారి దాని జోలికి పోరు. అందుకని రెండు గొట్టాలున్న మోడల్ తీసుకోండి. ఒకటి టాయిలెట్ చన్నీళ్లకి, రెండోది సింకు కింద వేడినీళ్ల వాల్వ్‌కి. సింకు టాయిలెట్ పక్కనే ఉంటేనే ఇది కుదురుతుంది. గొట్టం బయటికి రావడానికి సింకు కింది అల్మరాకి చిన్న కన్నం పెట్టాలి, దానికి ఓనరు ఒప్పుకోవాలి. పైపులో నిలిచిన నీళ్లు చల్లగానే ఉంటాయి కాబట్టి, కూర్చునే ముందు సింకులో వేడి కుళాయి అరనిమిషం వదలమని చెప్పండి. నాబ్ ఏ వైపు ఉందో కూడా చూసుకోండి. చాలావాటికి కుడివైపే ఉంటుంది, అమ్మగారి భుజానికి అది కష్టం. ఎడమవైపు ఉండేవి తక్కువే అయినా దొరుకుతాయి.

మోకాళ్ల కోసం సీటు ఎత్తు పెంచే ప్లాస్టిక్ రైజర్ కొనాలని అనుకుంటుంటే ఆగండి. రైజర్, బిడే రెండూ ఒకదానితో ఒకటి సరిపడవు. నీళ్ల గొట్టం కిందికి ఉండిపోతుంది, మనిషి పైకి లేచిపోతారు, నీళ్లు తగలాల్సిన చోట తగలవు. దాని బదులు టాయిలెట్‌కి రెండువైపులా నేల మీద నిలబడే స్టీలు హ్యాండిల్ ఫ్రేము తీసుకోండి. చేతులానించి లేవొచ్చు.

ఇప్పుడు బిగించడం. మీ వారే చేసుకోవచ్చు, గంట పని. గోడ దగ్గర టాయిలెట్‌కి వచ్చే వాల్వ్ ముందు చూడండి. తొంభై డిగ్రీలు తిప్పితే మూసుకునే రకం అయితే హాయి. చాలాసార్లు తిప్పాల్సిన గుండ్రటి పిడి రకం, పదేళ్లుగా ఎవరూ ముట్టుకోనిది అయితే, అది కట్టగానే పిడి వెనక నుంచి చెమట పట్టినట్టు నీళ్లు ఊరొచ్చు. పిడి వెనక చిన్న నట్టు ఉంటుంది, దాన్ని రవ్వంత బిగిస్తే చాలాసార్లు ఆగుతుంది. వాల్వ్ అసలు తిరగకపోతే బలం పెట్టకండి, మెయింటెనెన్స్‌కి ఫోన్ చేసి మార్పించండి. వాల్వ్ బాగుచేయడం వాళ్ల పనే.

వాల్వ్ కట్టాక ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయండి. ట్యాంకు అడుగున ఎడమవైపు 7/8 అంగుళాల ప్లాస్టిక్ నట్టు ఉంటుంది, గోడ నుంచి వచ్చే పైపు అక్కడ కలుస్తుంది. దాన్ని చేత్తోనే విప్పొచ్చు. కింద చిన్న గిన్నె పెట్టుకోండి, కప్పు నీళ్లు పడతాయి. ఆ పైపుకి, ట్యాంకుకి మధ్యలో బిడేతో వచ్చిన టీ కూర్చుంటుంది. పెట్టేముందు టీ లోపలికి వేలు పెట్టి చూడండి, నల్లటి రబ్బరు వాషర్ అడుగున సమంగా కూర్చుని ఉండాలి. డబ్బాలో అటూ ఇటూ కదిలి వాషర్ పక్కకి ఒరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ జాయింట్లలో నీళ్లని ఆపేది ఆ వాషరే, మర కాదు. అందుకే ఇక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. టేపు చుడితే మర చివరిదాకా వెళ్లదు, వాషర్ మీద నొక్కుడు సరిగా పడదు. 2009లో నేను చేసిన పొరపాట్లలో అదొకటి.

చేత్తో బిగిసినంత బిగించి, రెంచితో పావు చుట్టు. అంతే. ట్యాంకు నుంచి కిందికి వచ్చే మర చాలా టాయిలెట్లకి ప్లాస్టిక్‌దే. ఇంకొంచెం, ఇంకొంచెం అని తిప్పితే సన్నగా బీట వేస్తుంది, ఆ రోజు కారదు, నెల తర్వాత కారుతుంది. వంగని క్రోమ్ పైపు ఉంటే తీసేసి స్టీలు అల్లిక ఉన్న కొత్త పైపు వేయండి, పది డాలర్లలో వస్తుంది.

అన్నీ బిగించాక వాల్వ్ మెల్లగా తెరిచి, ప్రతి జాయింటు చుట్టూ పొడి టాయిలెట్ పేపర్ ఒక చుట్టు చుట్టండి. కంటికి కనబడని చెమ్మ కూడా దాని మీద మచ్చలా తెలిసిపోతుంది. పదినిమిషాలకి ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి చూడండి. మూడుసార్లూ పొడిగా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. వారానికోసారి టీ కింద వేలు రాయడం అలవాటు చేసుకోండి. ఊరికి వెళ్లేటప్పుడు గోడ వాల్వ్ కట్టేసి వెళ్లండి.

మామూలు బిడే పెడితే సీటు వెనకవైపు కాస్త ఎత్తు లేస్తుంది. సీటు అడుగున ముందువైపు అదనంగా రబ్బరు బొడిపెలు అంటించండి, లేకపోతే కూర్చున్నప్పుడు సీటు ఊగుతుంది, పెద్దవాళ్లు బెదురుతారు. ఇంకొక మాట, ముందు కూర్చోవాలి, ఆ తర్వాతే నాబ్ తిప్పాలి. నిలబడి తిప్పితే నీళ్లు ఎదురు గోడ దాకా పోతాయి. కరెంటు సీట్లకి మనిషి కూర్చున్నట్టు తెలిసే సెన్సర్ ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు.

వాళ్లు రాగానే మొదట అడిగేది ఒకటే: "ఇవి ఫ్లష్ ట్యాంకు నీళ్లేనా?" కాదని గట్టిగా చెప్పండి. టీ ఉండేది ట్యాంకుకి ముందు. వంటింటి కుళాయిలో ఏ నీళ్లు వస్తాయో అవే ఇక్కడా వస్తాయి. నమ్మకం కుదరడానికి గొట్టం ముందు చెయ్యి పెట్టి నీళ్లు పట్టి చూపించండి. అమ్మగారికి మీరు చూపిస్తే, నాన్నగారికి ఆవిడే చెప్పుకుంటారు. ఈ విషయాలు అల్లుడితో మాట్లాడాలంటే ఆయనకి మొహమాటం ఉంటుంది.

పైల్స్ ఆపరేషన్ అయిన మనిషికి నీళ్లు కాగితం కన్నా ఎంతో మేలు, ఒరిపిడి ఉండదు. అయితే జోరుగా కొట్టే నీళ్లు మంచివి కావు. అన్నిటికన్నా తక్కువ ప్రెషర్, గోరువెచ్చటి నీళ్లు, పది ఇరవై సెకన్లు. అంతకన్నా ఎక్కువసేపు రోజూ చేస్తే చర్మం మీది సహజమైన జిడ్డు పోయి దురద మొదలవుతుంది, శుభ్రం కాలేదేమోనని ఇంకా కడుగుతారు, ఇంకా దురద. కొన్ని సీట్లలో టర్బో అనో, ఎనిమా అనో మోడ్ ఉంటుంది, ఆ మీట మీద టేపు వేసేయండి. రక్తం కనబడినా, నొప్పి ఉన్నా అది డాక్టరు చూడాల్సిన విషయం, సీటు మీద వదిలేయొద్దు. ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి, లేదంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. అమ్మగారికి ఇది విడిగా చెప్పండి.

కాగితం పూర్తిగా మానేయక్కర్లేదు. కడుక్కున్నాక అద్దుకోవడానికి రెండు ముక్కలు చాలు, రుద్దకుండా అద్దాలి. మా ఇంట్లో మా నాన్న పాత పంచెల్ని జానెడు ముక్కలుగా కత్తిరించి అంచులు కుట్టి ఒక బుట్టలో పెట్టింది అమ్మ. శుభ్రంగా కడుక్కున్న తర్వాత అద్దుకోవడానికే కాబట్టి మామూలు బట్టలతో పాటే వేడినీళ్లలో ఉతుకుతాం. ఫ్లష్ చేయొచ్చని రాసి అమ్మే తడి వైప్స్ మాత్రం ఇంట్లోకి తేవద్దు. అవి కాగితంలా నీళ్లలో విడిపోవు. 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో 250 మీటర్ల పొడుగున, 130 టన్నుల ముద్ద గడ్డకట్టింది, అది కొవ్వు, ఈ వైప్స్ కలిసినదే. మీ అపార్ట్‌మెంట్ పైపు అడ్డుపడడానికి అందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు.

ఓనరుకి ఒక చిన్న ఈమెయిల్ రాయండి, తల్లిదండ్రుల ఆరోగ్యం కోసం తీసేయడానికి వీలైన బిడే పెడుతున్నాను, ఖాళీ చేసేటప్పుడు పాతది బిగించి ఇస్తాను అని. చాలామంది సరే అంటారు. పాత సీటు, దాని బోల్టులు, పాత పైపు ఒక కవర్లో వేసి, పైన తారీఖు రాసి సింకు కింద దాచండి. ఖాళీ చేసే రోజు వెతుక్కోకుండా ఉంటుంది. మీ రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో నీళ్ల వల్ల కింది ఇంటికి జరిగే నష్టం కవర్ అవుతుందో లేదో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. నాకు ఆ రోజు ఇన్సూరెన్స్ లేదు.

ఇంతా చెప్పాక కూడా స్ప్రేనే కావాలని నాన్నగారు పట్టుబడితే, ఇక్కడి సైజుకి చేసినది, ఇత్తడి టీ ఉన్నది, నీళ్లు వెనక్కి పీల్చకుండా ఆపే వాల్వ్ ఉన్నది కొనండి. ఆ వాల్వ్ ఎందుకంటే, లైనులో ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతే, కమోడ్ నీళ్లలో వేలాడుతున్న స్ప్రే ఆ మురికినే తాగేనీళ్ల పైపులోకి లాగొచ్చు. స్ప్రే తల ఎప్పుడూ కమోడ్ అంచుకన్నా పైనే ఉండేలా కొక్కెం పెట్టండి. టీ వాల్వ్ మీద ఎర్రటి రిబ్బను కట్టండి, లేచేటప్పుడు కళ్లకి కనబడేలా.

నయాగరా చూపించడానికి తీసుకెళ్తారు కదా, దారిలో రెస్ట్ ఏరియాల కోసం మెడ వంపు తిరిగిన ప్లాస్టిక్ సీసాలు దొరుకుతాయి, అర లీటరు దాకా పడతాయి. రెండు కొనండి, ఎవరిది వాళ్ల హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. కారు ఎక్కేముందు ఇంట్లోనే గోరువెచ్చటి నీళ్లు నింపి ఇవ్వండి.

మీ టాయిలెట్ వెనక గోడ వాల్వ్, ట్యాంకు అడుగు, దగ్గర్లో ఉన్న ప్లగ్, ఈ మూడిటి ఫోటోలు ఇక్కడ పెట్టండి. ఏ సైజు టీ కావాలో, కరెంటు సీటు కుదురుతుందో లేదో చూసి చెప్తాను. నవంబర్ దాకా ఆగకుండా వాళ్లు రావడానికి కనీసం రెండు వారాల ముందే బిగించి, ముందు మీరిద్దరూ వాడి చూడండి.